రోడ్డు దగ్గరే... బస్సే దూరం!

తెల్లవారకముందే బందరు రోడ్డు మీద సందడి మొదలవుతుంది. విజయవాడ నుంచి మచిలీపట్నం వైపు, మచిలీపట్నం నుంచి విజయవాడ వైపు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే వుంటాయి. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు సెంటర్లలో నిలబడిన వారెవరూ బస్సు తప్పిపోయిందని బెంగపడరు. ఒకటి పోతే మరొకటి వస్తుంది. కాని అదే రోడ్డు దిగి, పంట కాలవ గట్టు వెంట నాలుగైదు కిలోమీటర్లు లోపలికి వెళితే లెక్క మారిపోతుంది. అక్కడ పొద్దున పోయిన బస్సు తిరిగి ఎప్పుడు వస్తుందని అడిగితే, "వచ్చినప్పుడు వస్తుంది" అన్నదే జవాబు.

రహదారి పక్కన వుండడం వేరు, రహదారి అందడం వేరు. కృష్ణా జిల్లాలో రోడ్లకు కొదవ లేదు. నాలుగు దిక్కులకూ జాతీయ రహదారులు పోతున్నాయి. వాటి మీద నగరాల మధ్య ప్రయాణ కాలం తగ్గింది. అయితే రహదారికి, పల్లెకు మధ్య వున్న ఆ నాలుగు కిలోమీటర్ల దగ్గరే సామాన్యుని ప్రయాణం ఇప్పటికీ ఆగిపోతున్నది. పాల క్యాను పట్టుకున్న రైతు, పుస్తకాల సంచితో కాలేజీకి పోయే ఆడపిల్ల, మందుల చీటీతో పెద్దాసుపత్రికి బయలుదేరిన ముసలమ్మ - వీరికి విజయవాడ గంట దూరమా, పూట దూరమా అన్నది తేల్చేది నాలుగు వరుసల రోడ్డు కాదు, ఊళ్ళోకి వచ్చే ఒక్క బస్సు.

బస్సు వెనుక ఒక వ్యాజ్యం

ప్రభుత్వ బస్సు ఈ జిల్లాకు ఊరికే రాలేదు. దాని వెనుక దేశమంతా చెప్పుకున్న కోర్టు వ్యాజ్యం ఒకటి వుంది.

ప్రభుత్వం బస్సులు నడపడం నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానంలో 1932లో మొదలయింది. రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను పెట్టి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించారు. కోస్తా జిల్లాలలో మాత్రం చాలా కాలం ప్రైవేటు యజమానుల బస్సులే తిరిగాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను ప్రభుత్వపరం చేసే పథకాన్ని అంతకు కొద్ది ముందే, 1957 చివరలో ప్రకటించారు.

పథకం ప్రకటించగానే జిల్లాలోని బస్సు యజమానులు అభ్యంతరాలు దాఖలు చేశారు. చట్టం ప్రకారం ఆ అభ్యంతరాలను ప్రభుత్వం వినాలి. శాఖ కార్యదర్శి వాటిని విన్నారు. పథకాన్ని ఆమోదించింది మాత్రం ముఖ్యమంత్రి. విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు. ఇది న్యాయం కాదంటూ గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1958 నవంబరులో కోర్టు వారి మాట నిజమేనన్నది. మన తెలుగువారే అయిన జస్టిస్ కోకా సుబ్బారావు ఆ తీర్పు రాశారు. ఒకరు విని మరొకరు నిర్ణయించేటట్లయితే ఆ వినడం ఉత్త తంతుగా మిగులుతుందన్నది తీర్పు సారాంశం.

ఆ తరువాత ముఖ్యమంత్రి స్వయంగా అభ్యంతరాలు విని పథకాన్ని మళ్ళీ ఆమోదించారు. యజమానులు రెండోసారి కోర్టుకు వెళ్ళినా 1959లో ఆ పథకం నిలబడింది. జిల్లా రోడ్ల మీదకు ప్రభుత్వ బస్సులు వచ్చాయి. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు నేటికీ ఆ తీర్పును పాఠంగా చెబుతారు. నిర్ణయించేవారే వినాలి అని ఆ తీర్పు చెప్పింది కృష్ణా జిల్లా బస్సు రూట్ల తగాదాలోనన్న సంగతి మాత్రం ఆ బస్సులు ఎక్కేవారిలో చాలామందికి తెలియదు.

ఆనాడు వినవలసింది బస్సు యజమానుల మాట. ఈనాడు వినవలసింది బస్సు ఎక్కేవారి మాట.

ఊరికి బస్సు వచ్చిన రోజులు

ఎర్రబస్సు ఊళ్ళోకి రావడం ఒకనాడు పండుగే. బస్సు మొదటిసారి వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, హారతి పట్టి, డ్రైవరు మెడలో దండ వేసిన ఊళ్ళున్నాయి. ఊరికి బస్సు వున్నదా లేదా అన్నది పెళ్ళి సంబంధాలలో కూడా అడిగే ప్రశ్నగా వుండేది.

ఆ బస్సు మోసింది మనుషులను మాత్రమే కాదు. తెల్లవారి బస్సులో పాలు, కూరగాయలు, పూలు పట్నం చేరేవి. తిరిగి వచ్చేటప్పుడు దిన పత్రికల కట్ట, కిరాణా కొట్టు సరుకులు, ట్రాక్టరు విడి భాగాలు, ఒక్కోసారి పెళ్ళి శుభలేఖల మూట వచ్చేవి. కండక్టరుకు ఊళ్ళో ప్రతి గడపా తెలుసు. ఎవరి పిల్లవాడు పరీక్షకు పోతున్నాడో, ఎవరి కోడలు పురిటికి పుట్టింటికి పోతున్నదో ఆయనకు తెలియనిది కాదు.

దూరపు పల్లెలకు నైట్ హాల్టు బస్సు పెద్ద అండ. రాత్రి చివరి ట్రిప్పుగా వచ్చి ఊళ్ళోనే ఆగిపోయి, డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుని, తెల్లవారుజామున తొలి ట్రిప్పుగా బయలుదేరే బస్సు అది. దానివల్ల రెండు లాభాలు. పట్నంలో పని చూసుకుని సాయంత్రం పొద్దుపోయినా ఇల్లు చేరవచ్చు. తెల్లవారేసరికి ఆసుపత్రికో, రైలుకో, పరీక్ష హాలుకో బయలుదేరవచ్చు. 108 అంబులెన్సులు 2005లో వచ్చాయి. అంతకు ముందు రాత్రివేళ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, తెల్లవారితే బస్సు వుందన్నదే చాలా కుటుంబాలకు ధైర్యం.

ఇప్పుడు మోటారు సైకిళ్ళు వచ్చాయి, షేరు ఆటోలు వచ్చాయి. అందువల్ల బస్సు అవసరం తీరిపోయిందనుకుంటే పొరపాటు. మోటారు సైకిలు ఇంట్లో ఒకటి వుంటే దానిమీద పొద్దున్నే పోయేది మగవాడు. ఆటో నిండేదాకా కదలదు, చీకటి పడితే రాదు, వచ్చినా అడిగినంత ఇవ్వాలి. వండి వార్చి ఇల్లు చక్కబెట్టుకుని బయలుదేరే ఆడవారికి, చదువుకునే పిల్లలకు, ముసలివారికి, వికలాంగులకు బస్సే వాహనం.

నాలుగు వరుసల రోడ్డు

ఈ జిల్లా రోడ్ల వైభవం చిన్నది కాదు. ఒకప్పుడు 9వ నెంబరుగా వుండి, 2010లో నెంబర్లు మార్చిన తరువాత 65వ నెంబరుగా పిలుస్తున్న జాతీయ రహదారి మహారాష్ట్రలోని పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడల మీదుగా సుమారు 840 కిలోమీటర్లు సాగి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఒకనాటి 5వ నెంబరు, నేటి 16వ నెంబరు రహదారి కోల్‌కతా - చెన్నై మార్గం. అది హనుమాన్ జంక్షన్, గన్నవరం మీదుగా విజయవాడ చేరి గుంటూరు వైపు పోతుంది. కత్తిపూడి - ఒంగోలు తీరప్రాంత రహదారి 216వ నెంబరుతో మచిలీపట్నం మీదుగా దివిసీమను తాకుతూ వెళుతుంది. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా దిగమర్రుకు 165వ నెంబరు రహదారి వుంది.

వీటిపై వచ్చిన వంతెనలు కూడా జిల్లా ప్రయాణాన్ని మార్చివేశాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నీటితో పాటు గుంటూరు వైపు రోడ్డునూ ఇచ్చింది. భారీ వాహనాల భారం తరువాత కనకదుర్గ వారధి మీదకు మారింది. 2006లో పులిగడ్డ - పెనుమూడి వంతెన రావడంతో అవనిగడ్డ వాసులు కృష్ణ దాటి రేపల్లె చేరడానికి పడవ కోసం రేవులో కాచుకునే అవసరం తీరింది. విజయవాడలో దుర్గగుడి దగ్గరి ఫ్లైఓవరును 2020 అక్టోబరులో ప్రారంభించాక కొండ కింద గంటల తరబడి ఆగిపోయే బాధ తగ్గింది.

ఇవన్నీ మేలే. కాని వెడల్పయిన ప్రతి రోడ్డూ పక్క ఊళ్ళకు ఒక కొత్త ప్రశ్న కూడా తెచ్చింది. రెండు వరుసల రోడ్డు మీద చేయి అడ్డం పెడితే బస్సు ఆగేది. ఎదురుగా వున్న కిల్లీ కొట్టుకు నాలుగు అంగల్లో పోయేవారు. నాలుగు వరుసల రోడ్డు మధ్యలో గోడలాగా డివైడరు వుంటుంది. బస్సు దిగిన మనిషికి ఊరు ఎదురుగానే కనబడుతున్నా, దాటే దారి ఎక్కడో వుంటుంది. అంత దూరం నడవలేని వారు డివైడరు ఎక్కి దాటుతారు. అటు ఇటు వాహనాలు వేగంగా వస్తుంటాయి. రాత్రివేళ దీపాలు లేని చోట ఇక చెప్పనవసరం లేదు.

బైపాసు సంగతి మరొకటి. పట్నంలో రద్దీ తగ్గడానికి బైపాసు అవసరమే. అయితే బైపాసు ఎక్కిన ఎక్స్‌ప్రెస్సు ఊళ్ళోని బస్టాండుకు రాదు. బైపాసు మొదట్లో దించితే అక్కడి నుంచి ఊళ్ళోకి మరో ఆటో. విజయవాడ నుంచి ఇక్కడికి అయిన టిక్కెట్టు ఎంతో, అక్కడి నుంచి ఇంటికి అయ్యే ఆటో ఖర్చు కూడా ఇంచుమించు అంతే అవుతున్నదని పల్లె ప్రయాణీకులు వాపోవడంలో ఆశ్చర్యం లేదు. రోడ్డు వేసేవారి పటంలో ఊరు ఒక చుక్క. ఆ చుక్క దగ్గర బస్సు ఆగే చోటు, నీడ, దీపం, దాటే దారి వుండాలన్నది పటం గీసేనాడే ఆలోచించవలసిన విషయం.

శివారులో ఒక న్యాయం, పల్లెలో ఒక న్యాయం

విజయవాడ నగరం బందరు రోడ్డు వెంట తూర్పుకు పెరిగింది. కానూరు, తాడిగడప, పోరంకి, యనమలకుదురు ఒకప్పుడు చెరుకు, వరి, కూరగాయలు పండిన పల్లెలు. నేడవి నగరంతో కలిసిపోయాయి. 2020లో ఈ నాలుగు ఊళ్ళనూ కలిపి తాడిగడప మునిసిపాలిటీగా చేశారు. అటు గన్నవరం వరకు, ఇటు కంకిపాడు వరకు రోడ్డు వారగా ఇళ్ళు, కాలేజీలు, ఆసుపత్రులు, దుకాణాలు వచ్చాయి.

శివారు అయిన ఊరికి సిటీ బస్సు వస్తుంది. ఒకటి తప్పితే మరొకటి దొరుకుతుంది. శివారుకు అవతల వున్న ఊరు కూడా అదే నగరానికి పాలు, కూరగాయలు, కూలీలు, విద్యార్థులు పంపుతున్నది. కాని ఆ ఊరిని నగరం తనలో లెక్క వేసుకోదు. దూరపు ఎక్స్‌ప్రెస్సుకు అది చిన్న ఊరు, ఆగదు. సిటీ బస్సుకు అది దూరపు ఊరు, రాదు. రెంటికీ చెడిన ఆ మధ్య ఊళ్ళకు పల్లెవెలుగు బస్సే దిక్కు. ఆ పల్లెవెలుగు ట్రిప్పుల మీదే మొదటి కత్తెర పడుతున్నది.

జిల్లాల విభజన కూడా ప్రయాణాల దిక్కు మార్చింది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి కృష్ణా జిల్లాను విడదీసినప్పుడు విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా మిగిలింది. నూజివీడు, కైకలూరు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరాయి. జగ్గయ్యపేట, తిరువూరు వాసులకు కలెక్టరాఫీసు కోసం బందరు దాకా పోయే బాధ తప్పింది. అది మంచి మార్పు. కాని ఒక సంతకంతో జిల్లా కేంద్రం మారినంత తేలికగా బస్సు రూటు మారదు. తరతరాలుగా విజయవాడ వైపు పోవడానికి అలవాటుపడిన ఊళ్ళకు మరో దిక్కున ఆఫీసులు వచ్చినప్పుడు, ఆ దిక్కుకు తగిన వేళకు బస్సు వుండాలి. గన్నవరం వైపు పల్లెల వారికి ఆసుపత్రి, సినిమా, సంత అన్నీ విజయవాడే. కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలంటే మాత్రం బందరు. అర్జీల రోజయిన సోమవారం పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చే వీలుంటేనే జిల్లా కేంద్రం ఆ ఊరికి కేంద్రం అవుతుంది.

డిపో లెక్క - ఊరి లెక్క

ట్రిప్పు ఎందుకు తగ్గించారని అడిగితే డిపో వైపు నుంచి వచ్చే జవాబు ఒకటే: రాబడి లేదు. ఆ మాటను తోసిపుచ్చడానికి వీలులేదు. బస్సు కిలోమీటరు నడిస్తే డీజిలు, టైర్లు, జీతాలు, విడి భాగాలు ఇంత అని ఖర్చు వుంటుంది. ఆ కిలోమీటరుకు ఎంత వచ్చింది, వున్న సీట్లలో ఎన్ని నిండాయి అన్నది డిపోలో రోజూ చూసుకునే లెక్క. గతుకుల పల్లె రోడ్డు మీద బస్సు తొందరగా అరిగిపోతుంది. నిండని బస్సు నష్టమే. దూరపు సర్వీసులలో మిగిలిన దానితో పల్లె సర్వీసుల నష్టం పూడ్చుకోవడం సంస్థకు మొదటి నుంచీ వున్న పద్ధతి. దూరపు సర్వీసులకు ప్రైవేటు బస్సుల పోటీ పెరిగే కొద్దీ ఆ వెసులుబాటు తగ్గుతుంది.

అయితే ఈ లెక్కలో కనబడని విషయం ఒకటి వుంది. బస్సు వేళకు రాకపోతే నాలుగు రోజులు చూసి ప్రయాణీకుడు ఆటో చూసుకుంటాడు. ఎక్కేవారు తగ్గారని డిపో ట్రిప్పు తగ్గిస్తుంది. ట్రిప్పు తగ్గిందని మిగిలినవారూ ఆటోకు మళ్ళుతారు. చివరకు ఎవరూ ఎక్కడం లేదని బస్సు ఆగిపోతుంది. బస్సు రాక జనం పోయారా, జనం లేక బస్సు పోయిందా అన్నది విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టు తయారవుతుంది.

నిజానికి పల్లెకు కావలసింది ఎక్కువ ట్రిప్పులు కాదు, వేళకు వచ్చే ట్రిప్పు. మధ్యాహ్నం ఖాళీగా తిరిగే రెండు ట్రిప్పుల కంటే, కాలేజీ వేళకు పట్నం చేర్చే ఒక్క ట్రిప్పు, చీకటి పడకముందు ఇంటికి తెచ్చే మరొక ట్రిప్పు మేలు. ఈ సంగతి డిపో లెక్కల పుస్తకంలో దొరకదు. ఊళ్ళో అడిగితేనే తెలుస్తుంది.

డిపో పుస్తకంలోకి ఎక్కని లాభాలు మరికొన్ని వున్నాయి. బస్సు వున్న ఊరి ఆడపిల్ల పదో తరగతితో ఆగదు, ఇంటరుకు పోతుంది. బస్సు వున్న ఊరి కూరగాయ రైతు దళారికి అడిగిన ధరకు ఇవ్వకుండా తనే బజారుకు తీసుకుపోతాడు. బస్సు వున్న ఊరి రోగి జబ్బు ముదరకముందే డాక్టరు దగ్గరకు పోతాడు. వీటికి టిక్కెట్టు లేదు కనుక డిపో రాబడిలో చేరవు. కాని ప్రభుత్వం బస్సులు నడపడం మొదలు పెట్టింది వీటి కోసమే.

టిక్కెట్టు లేదు సరే, బస్సేదీ?

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో 'స్త్రీ శక్తి' పథకం మొదలయింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ - ఈ అయిదు రకాల బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించారు. అంతకు ముందే 2023లో కర్ణాటకలోను, తెలంగాణలోను ఇటువంటి పథకాలు వచ్చాయి.

రోజూ పట్నంలో పనికి పోయే మహిళకు ఇది నెలకు బస్తా బియ్యం ఖర్చు మిగిలినట్టే. రోడ్డు మీది ఊళ్ళలో ఈ మేలు కళ్ళకు కనబడుతుంది. కాని బస్సు రాని ఊళ్ళో ఉచితం అన్న మాటకు అర్థం లేదు. అక్కడి మహిళ రోడ్డు దాకా ఆటోకు డబ్బిచ్చి, అక్కడి నుంచి బస్సులో ఉచితంగా పోవాలి. దగ్గరి ఊరి వారికి పూర్తి మేలు, లోపలి ఊరి వారికి సగం మేలు. పేదరికం ఎక్కువగా వున్నది లోపలి ఊళ్ళలోనే.

ఈ పథకంలో పల్లె మహిళలు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఉచితమే కదా అని టిక్కెట్టు తీసుకోకుండా కూర్చోరాదు. గుర్తింపు కార్డు చూపించి సున్నా టిక్కెట్టు అడిగి తీసుకోవాలి. ఏ ఊళ్ళో ఎంతమంది ఎక్కారు, ఎంత దూరం పోయారు అన్నది ఆ టిక్కెట్టుతోనే లెక్కకు వస్తుంది. సంస్థకు ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బుకు ఆధారం అదే. రేపు ట్రిప్పు నిలబెట్టమని ఊరు అడిగితే సాక్ష్యమూ అదే. తీసుకోని టిక్కెట్టు ఎక్కని ప్రయాణీకుని కింద లెక్క.

ఊరు చేయవలసినది, అధికారులు వినవలసినది

బస్సు కావాలని నాయకులు వచ్చినప్పుడు దండతో పాటు అర్జీ ఇవ్వడం పల్లెలకు అలవాటు. ఆ అర్జీలో "మా ఊరికి బస్సు సౌకర్యం లేక మిక్కిలి ఇబ్బంది పడుతున్నాము" అని మాత్రమే వుంటుంది. అది చాలదు. కాలేజీకి పోయే పిల్లలు ఎందరు, ఏ కాలేజీ, గంట ఎన్నింటికి కొడతారు, పట్నానికి పనికి పోయేవారు ఎందరు, సాయంత్రం ఎన్నింటికి తిరిగి వస్తారు, దారిలో ఏయే ఊళ్ళు కలుస్తాయి - ఒక వారం రోజులు లెక్క రాసి పంచాయతీ తీర్మానంతో డిపో మేనేజరుకు ఇస్తే, ఆ అర్జీ రాబడి భాషలో మాట్లాడుతుంది. మూడు నాలుగు ఊళ్ళు కలిసి అడిగితే రూటుకు బలం వస్తుంది.

రోడ్డును బస్సుకు తగినట్టు వుంచడంలో ఊరికీ బాధ్యత వుంది. మలుపుల్లో రోడ్డు మీదకు పెరిగిన తుమ్మ కొమ్మలు, చేతికి అందేంత కిందకు వేలాడే కరెంటు తీగలు, గట్టు కుంగిన కల్వర్టు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, బస్సు తిరగడానికి వుంచిన జాగాలో వేసిన గడ్డివాములు - ఇవి బస్సు ఆగిపోవడానికి సాకులుగా మారుతున్నాయి. వీటిలో సగం పంచాయతీ తలచుకుంటే వారంలో పోయేవే.

అధికారులు చేయదగినవి కూడా పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, హనుమాన్ జంక్షన్ వంటి కూడళ్ళలో పల్లె బస్సుల వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టవచ్చు. లోపలి ఊళ్ళ బస్సును కూడలిలో ప్రధాన రోడ్డు బస్సు వేళకు కలిపి, అయిదు నిమిషాలు ఆపితే ఒకే రోడ్డు రెండు ప్రయాణాలకు పనికివస్తుంది. రాత్రి ఆగే బస్సు అవసరమైన దూరపు పల్లెలను గుర్తించి, సిబ్బంది పడుకోవడానికి గాలి, వెలుతురు, మంచినీళ్ళు వున్న గది పంచాయతీ ఇస్తే ఆ సర్వీసు నిలబడుతుంది. రహదారి మీద స్టాపులు, దీపాలు, దాటే దారులు, సర్వీసు రోడ్ల సంగతి జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టవలసినది. కలెక్టరు దానికి అధ్యక్షులు. ప్రమాదం జరిగిన తరువాత రాస్తారోకో చేయడం కంటే ముందే అక్కడ అర్జీ పెట్టడం మేలు.

అన్నింటికంటే ముఖ్యం వినడం. ట్రిప్పు తీసివేసే ముందు, వేళ మార్చే ముందు, స్టాపు ఎత్తివేసే ముందు ఆ ఊళ్ళో ఒక సాయంత్రం డిపో అధికారి కూర్చుంటే పోయేదేమీ లేదు. రచ్చబండ దగ్గర మగవారి మాటతో సరిపెట్టకుండా, బస్సు ఎక్కువగా ఎక్కే ఆడవారిని, పిల్లలను అడగాలి. ఏ వేళకు బస్సు కావాలో వారికంటే బాగా తెలిసినవారు లేరు. చూసి వచ్చినవారు ఒకరు, కాగితం మీద సంతకం చేసేవారు మరొకరు కాకుండా, నిర్ణయించేవారే వచ్చి వినాలి.

బస్సు యజమానుల విషయంలో ఆ సూత్రం తేల్చుకోవడానికి ఈ జిల్లా 1958లో ఢిల్లీ దాకా వెళ్ళవలసి వచ్చింది. బస్సు ఎక్కే పల్లె ప్రజలకు అంత దూరం పోయే శక్తి లేదు. వారు పోగలిగింది రోడ్డు దాకా. అక్కడ, చెట్టు కింద నిలబడి, చేయి అడ్డం పెట్టి ఎదురు చూస్తున్నారు. ఆ చేయి చూసి బస్సు ఆగాలి. ఆగిన బస్సు ఊళ్ళోకి కూడా రావాలి.